విరాళాల ప్రకటనల్లో కష్టంలో ఉన్నవాళ్ల ఫొటోలు: తప్పు ఎక్కడ మొదలవుతోంది?

నీలిసిరా
ఏ సహాయ సంస్థ అప్పీలు చూసినా ఒకటే వరస. ఎముకల గూడులా ఉన్న బిడ్డ, పైనుంచి కిందికి చూస్తున్న కెమెరా, చుట్టూ మనిషన్నవాడు లేడు, కింద ఎర్రటి బటన్. ఆ బిడ్డకి తల్లి ఉందా? ఆ ఆకలి వానల్లేక వచ్చిందా, యుద్ధం వల్లా, ఎవరైనా దారులు మూసేశారా? ఒక్క ముక్క ఉండదు. 1994లో రెడ్‌క్రాస్ ఉద్యమం, మరికొన్ని సహాయ సంస్థలు కలిసి రాసుకున్న ప్రవర్తనా నియమావళిలో పదో నియమం సరిగ్గా దీని గురించే. ప్రచారంలో, ప్రకటనల్లో విపత్తు బాధితులను ఆత్మగౌరవం ఉన్న మనుషులుగా చూపాలి తప్ప ఆశ చచ్చిన వస్తువుల్లా కాదని. ముప్పై ఏళ్లు దాటినా బొమ్మ మారలేదు. పని తెలిసినవాళ్లు చెప్పండి, ఇది ఎక్కడ జారుతోంది? ఫొటో తీసేచోటా, క్యాప్షన్ రాసేచోటా, డబ్బు లెక్క చూసేచోటా? "సున్నితంగా వ్యవహరించాలి" లాంటి మాటలు వద్దు, ఏం చెయ్యాలో విడమరచి చెప్పండి.

లెక్కలపద్దు
డబ్బు లెక్క చూసేచోట. 2007లో అచ్చయిన ప్రయోగం ఒకటుంది. చేతిలో 5 డాలర్లున్నవాళ్లలో కొందరికి మాలి దేశపు ఏడేళ్ల పాప రోకియా గురించి చెప్పారు, కొందరికి ఆకలి అంకెలు చెప్పారు, ఇంకొందరికి రెండూ చెప్పారు. పాపకి సగటున 2.38 డాలర్లు వచ్చాయి, అంకెలకి 1.14. రెండూ కలిపి చెబితే 1.43. అంటే అంకెలు చేర్చినందుకు పాపకి వచ్చేది కూడా పడిపోయింది. "కారణాలు రాయండి, నేపథ్యం రాయండి" అని ఎవరు అడిగినా విరాళాల విభాగం మొదట బయటకు తీసేది ఈ లెక్కే.

పాతనెగటివ్
ఆ ప్రయోగం చెప్పింది "ఒక్క మనిషి, పేరు, వయసు" అని. ఈగలు కావాలని, కన్నీళ్లు కావాలని ఎక్కడా చెప్పలేదు. ఇంకో సంగతి, అంకెలు వేరు, కారణం వేరు. "30 లక్షల మంది" అంటే మనసు మొద్దుబారుతుంది. "ఈ పాప ఊరికి వచ్చే ధాన్యం లారీలను ఆపేశారు" అంటే మొద్దుబారదు. అది కూడా ఆ పాప కథలో భాగమే కదా.

లెక్కలపద్దు
కన్నీళ్ల మాట కూడా తేలిపోయిందండి. 2009లో అచ్చయిన ఇంకో అధ్యయనంలో ముఖం విచారంగా ఉన్న ప్రకటనకి, నవ్వే ముఖం కంటే, ఏ భావమూ లేని ముఖం కంటే ఎక్కువ ఇచ్చారు. నాకు నచ్చినా నచ్చకపోయినా అది నిజం, దాన్ని పక్కకి నెట్టి మాట్లాడకూడదు.

మూడోకన్ను
అదే అధ్యయనంలో రెండో సగం కూడా చెప్పండి పద్దు గారూ. చూసేవాళ్లు ఆగి ఆలోచించడం మొదలుపెడితే ఆ విచారపు ముఖం ప్రభావం తగ్గింది. అంటే అది ఆలోచించకుండా ఇచ్చే డబ్బు.

లెక్కలపద్దు
ఒప్పుకుంటాను. కానీ ఆ డబ్బుతో కొన్న మందు మాత్రం ఆలోచించి ఇచ్చిన డబ్బుతో కొన్న మందులాగే పనిచేస్తుంది.

కుడిఎడమ
పద్దు గారి వైపే నేను. బిడ్డ ప్రాణం మీద ఉన్నప్పుడు కెమెరా కోణం గురించి వాదన ఏంటి?

మూడోకన్ను
కెమెరా కోణం గురించి వాదన ఎందుకంటే చూడండి.

మనం నిలబడి, కింద కూర్చున్న బిడ్డని తీస్తే లెన్సు వంద సెంటీమీటర్లు పైన ఉంటుంది. బిడ్డ తలెత్తి చూస్తుంది, తల పెద్దగా, ఒళ్లు చిన్నగా కనిపిస్తుంది. వైడ్ లెన్సు పెట్టి దగ్గరికి వెళ్తే అది ఇంకా ఎక్కువవుతుంది. నేలమీద కూర్చుని, లెన్సు బిడ్డ కళ్ల ఎత్తులో పెట్టి, 50 మిల్లీమీటర్ల లెన్సుతో తీస్తే అదే బిడ్డ అదే జబ్బుతో వేరేలా కనిపిస్తుంది. జబ్బు దాగదు, మనిషి మాత్రం దొరుకుతుంది.

తర్వాతది క్రాపింగ్, అంటే ఫొటో అంచులు కోసెయ్యడం. పోషకాహార వార్డులో ఏ బిడ్డా ఒంటరిగా ఉండదు. తల్లో, నాయనమ్మో, ఎవరో ఒకరు ఒళ్లో పెట్టుకునే ఉంటారు. అప్పీలులో బిడ్డ ఒంటరిగా కనిపించిందంటే ఎవరో తల్లిని కోసేశారని అర్థం. చాలా ఫొటోల్లో అంచున ఒక మోచెయ్యో, చీర కొంగో మిగిలిపోయి ఉంటుంది, చూడండి. అందుకని ఫొటోగ్రాఫరుకి ఇచ్చే కాగితంలోనే రాయాలి: మొదటి ఫ్రేము విశాలంగా తీయాలి, ఎత్తుకున్నవాళ్లు అందులో ఉండాలి, డిజైనరు క్రాప్ చేస్తే ఆ విశాలమైన ఫ్రేము కూడా ఎడిటరు ముందు పెట్టాలి.

ఇంకోటి, తీవ్రత చూపించడానికి బట్టలు విప్పించనక్కర్లేదు. చేయి చుట్టుకొలత కొలిచే పట్టీ ఉంటుంది. ఆరు నెలల నుంచి 59 నెలల పిల్లలకి 115 మిల్లీమీటర్ల లోపయితే ఎర్ర రంగు, అంటే తీవ్రమైన పోషకాహార లోపం. 115 నుంచి 125 దాకా పసుపు. ఎర్రగీత మీద ఆగిన ఆ పట్టీని, దాన్ని పట్టుకున్న కార్యకర్త వేళ్లని, బిడ్డ చేతిని దగ్గరగా తీస్తే చూసేవాడికి అంతా తెలుస్తుంది. ముఖం బయటపడదు.

వేపపుల్ల
దీనికి ఒక ముఖ్యమైన సంగతి కలుపుతాను. క్వాషియార్కర్ అనే పోషకాహార లోపం వచ్చిన బిడ్డకి ఒళ్లు నీరుపడుతుంది. పాదాల మీద వేలితో నొక్కితే గుంట పడి అలాగే ఉంటుంది. రెండు పాదాలకీ అలా ఉంటే చేయి కొలత ఎంతున్నా తీవ్రమైన కేసే. కానీ ఫొటోలో ఆ బిడ్డ బుగ్గలు నిండుగా కనిపిస్తాయి. "ఆకలి బిడ్డలా లేదు" అని ఫొటో ఎడిటరు పక్కన పెట్టేస్తాడు. ఇలా ఎముకలు కనిపించే పిల్లల్నే ఏరుకుంటూ పోతే ఆకలి అంటే ఎముకలే అని లోకం నమ్ముతుంది. దాతల నమ్మకమే కాదు, కొత్తగా పనిలో చేరే కార్యకర్త కన్ను కూడా అలాగే తయారవుతుంది. అది ప్రాణాల మీదికి వచ్చే తప్పు.

నీలిసిరా
వేపపుల్ల గారూ, ఈ కోణం అసలు తట్టలేదు. ధన్యవాదాలు. అనుమతి సంగతి ఎవరైనా చెప్పండి. ప్రతి సంస్థా "అనుమతి పత్రం ఉంది" అంటుంది.

దుబాసీ
పత్రం ఉండటం, అనుమతి ఉండటం ఒకటి కావు. వరసగా చెప్తాను.

ఎప్పుడు అడగాలి: సరుకులు పంచే క్యూలో ఎప్పుడూ అడగకూడదు. క్యూలో ఉన్న మనిషి "వద్దు" అంటే బియ్యం వస్తాయో రావో అన్న భయంతో "సరే" అంటాడు. తీసుకుని పక్కకి వెళ్లాక, వీలైతే మర్నాడు అడగాలి. "కుదరదన్నా మీకు రావలసింది వస్తుంది" అని మొదటి వాక్యంగానే చెప్పాలి, చివర్లో కాదు.

ఎవరు అడగాలి: లబ్ధిదారుల జాబితా ఎవరి చేతిలో ఉందో వాళ్లు అడగకూడదు. వైద్యం చేస్తున్న డాక్టరూ అడగకూడదు. అనువాదకుడు ఆ ఊరి పెద్ద మనిషి బంధువైతే ఆడవాళ్లు కాదనలేరు.

ఏం చెప్పాలి: "ఫొటో తీసుకోవచ్చా?" అన్నది ప్రశ్నే కాదు. పాత కరపత్రం ఒకటి, బస్సు పక్కన అంటించే పెద్ద బొమ్మ ఫొటో ఒకటి, ఫోనులో వెబ్ పేజీ ఒకటి చూపించి "మీ ముఖం ఇలా వస్తుంది, మీ దేశంలో ఉన్నవాళ్లూ చూడొచ్చు, మీ చుట్టాలూ చూడొచ్చు, ఒకసారి పెట్టాక పూర్తిగా తీసేయలేం" అని చెప్పాలి. ఆ తర్వాత "మీకేం అర్థమైందో ఒకసారి చెప్పండి" అని వాళ్ల నోటితో చెప్పించాలి. వాళ్లు చెప్పలేకపోతే మళ్లీ మొదలుపెట్టాలి. సంతకం చివరి పని.

పిల్లలైతే: పెంచే పెద్దల అనుమతి, బిడ్డ ఇష్టం, రెండూ కావాలి. తల్లి సరేనన్నా బిడ్డ మొహం తిప్పుకుంటే అది "వద్దు" కిందే లెక్క.

ఎంతకాలం: గడువు లేని అనుమతి రాయించుకోవద్దు. మూడేళ్లో అయిదేళ్లో అంకె వెయ్యాలి. పత్రం నకలు వాళ్ల చేతికి ఇవ్వాలి. అందులో వాళ్ల భాష మాట్లాడేవాళ్లు ఎత్తే ఫోన్ నంబరు ఉండాలి, రాజధానిలో ఉన్న ఆఫీసు నంబరు కాదు.

కుడిఎడమ
దుబాసీ గారూ, భూకంపం వచ్చిన రోజు సాయంత్రానికి అప్పీలు పెట్టాలి. మర్నాడు అడుగుతాం, తిరిగి చెప్పిస్తాం అంటే జరిగే పనేనా?

దుబాసీ
మొదటి రెండు మూడు రోజులు ముఖాలు లేకుండా నడపొచ్చు. కూలిన ఇల్లు, శిథిలాలు తీస్తున్న పొరుగువాళ్ల చేతులు, నీళ్ల డబ్బాల వరస, పనిచేస్తున్న స్థానిక కార్యకర్తలు. కార్యకర్తల్ని అడగడానికి అయిదు నిమిషాలు చాలు, వాళ్లకి విషయం ముందే తెలుసు. పాత విపత్తు ఫొటో తీసి పెట్టడం మాత్రం వద్దు. తప్పదంటే ఏ ఏడాదిదో, ఎక్కడిదో బొమ్మ మీదే రాయాలి, కింద చిన్న అక్షరాల్లో కాదు.

పాతనెగటివ్
ఎవరి ఫొటో అని పేరు కూడా అడగకుండా తీసినవి ప్రపంచమంతా తిరిగాయి. 1985 జూన్‌లో నేషనల్ జియోగ్రాఫిక్ అట్ట మీద వచ్చిన ఆకుపచ్చ కళ్ల అఫ్గాన్ అమ్మాయిది 1984లో పాకిస్తాన్ శరణార్థి శిబిరంలో తీసిన ఫొటో. ఆమె ఎవరో బయటకి తెలిసింది 2002లో. పదిహేడేళ్ల పాటు ఆ ముఖం అందరిదీ, ఆమెది తప్ప.

చిత్రగుప్తుడు
చిట్టా నా పేరులోనే ఉంది కాబట్టి కాస్త చరిత్ర నేను చెప్తాను.

ఒళ్లు గగుర్పొడిచే ఫొటోలన్నీ ఒక గాటన కట్టొద్దు. 1904లో కాంగోలో అలిస్ సీలీ హారిస్ తీసిన ఫొటోలో న్సాలా అనే తండ్రి, నరికేసిన తన కూతురి చెయ్యి, పాదం చూస్తూ కూర్చుని ఉంటాడు. అంతకంటే భయంకరమైనది ఉండదు. కానీ అక్కడ ఆ తండ్రి పేరుంది. రబ్బరు కంపెనీ మనుషులు చేశారన్న సంగతి ఉంది. బెల్జియం రాజు లియోపోల్డ్ పాలన కింద జరుగుతోందన్న సంగతి ఉంది. సభల్లో లాంతరు స్లైడులు వేసి చూపించేవాళ్లు ఇవన్నీ నోటితో చెప్పేవాళ్లు. 1908లో ఆ రాజు చేతుల్లోంచి కాంగో పోవడానికి ఆ ప్రచారం కూడా ఒక కారణం.

1919లో లండన్‌లో ఎగ్లంటైన్ జెబ్ పంచిన కరపత్రంలో ఎముకలు తేలిన ఆస్ట్రియా బిడ్డ ఉంది. ఆమెను అరెస్టు చేసి 5 పౌన్లు జరిమానా వేశారు. సెన్సారు అనుమతి తీసుకోలేదన్నది అభియోగం. ఆ కరపత్రం బిడ్డని చూపించి ఊరుకోలేదు, దీనికి కారణం బ్రిటన్ పెట్టిన దిగ్బంధనమే అని రాసింది. పిల్లల సహాయానికి ఆమె కూడా కలిసి పెట్టిన సేవ్ ద చిల్డ్రన్ పుట్టింది ఆ ఏడాదే. ఇవాళ్టి అప్పీలులో ఆ బిడ్డ బొమ్మ మిగిలింది, రెండో వాక్యం పోయింది.

వెనక్కి వెళ్తే, మనవాళ్లు ధాత కరువు అని చెప్పుకునే 1876–78 మద్రాసు కరువులో విలోబీ హూపర్ అనే సైనికాధికారి బక్కచిక్కినవాళ్లని వరసగా కూర్చోబెట్టి తీశాడు. ఎవరి పేర్లూ లేవు. ఆ కరువులోనే రేవుల నుంచి ధాన్యం బయటి దేశాలకి వెళ్తోంది. ఫొటోలో అది కనిపించదు.

నీలిసిరా
అంటే బొమ్మ ఎంత ఘోరంగా ఉందన్నది కాదు, కారణం పక్కన ఉందా లేదా అన్నదే గీటురాయి అంటారా?

చిత్రగుప్తుడు
సగం అదే. 1984 అక్టోబరు 23న ఇథియోపియాలోని కోరెం నుంచి బీబీసీలో వచ్చిన దృశ్యాలు చూసి ప్రపంచం కదిలింది. వచ్చిన డబ్బుతో ప్రాణాలు నిలిచాయి, దాన్ని తక్కువ చెయ్యను. కానీ జనం మనసులో అది వానల కరువుగానే ముద్రపడింది. అక్కడ అంతర్యుద్ధం ఉంది, ప్రభుత్వం జనాన్ని బలవంతంగా దూరప్రాంతాలకి తరలిస్తోంది. ఆ తరలింపుని బయటపెట్టినందుకు సరిహద్దుల్లేని వైద్యుల సంస్థ ఫ్రెంచి విభాగాన్ని 1985 డిసెంబరులో దేశం నుంచి పంపేశారు. కారణం చెబితే అక్కడ పని చెయ్యనివ్వరు. సంస్థలు నోరు మూసుకోవడానికి ఇదీ ఒక నిజమైన కారణమే, విరాళాలొక్కటే కాదు.

1994లో, ఇప్పటి కాంగోలోని గోమా కూడా అంతే. రువాండా నుంచి వచ్చిపడ్డ శరణార్థుల్లో కలరా. కెమెరాలన్నీ కలరా మీదే. ఆ శిబిరాల్ని నడిపిస్తున్నది మారణహోమం చేసినవాళ్లే అన్న సంగతి బొమ్మలో పట్టదు. ఆ ఏడాది నవంబరులో అదే ఫ్రెంచి విభాగం అక్కణ్ణుంచి తప్పుకుంది.

లెక్కలపద్దు
ఇది ఒప్పుకోవాల్సిందే. కారణం రాయకపోవడం అన్నిసార్లూ సోమరితనం కాదు.

పలకాబలపం
క్యాప్షన్ భాష మీద ఒక మాట. తెలుగులో రాసే అప్పీళ్లలో క్రియ చివర చూడండి. దాతల గురించి "ఇచ్చారు, ముందుకొచ్చారు". అదే పేజీలో అరవై ఏళ్ల ఆవిడ గురించి "ఏడుస్తోంది, చేయి చాచింది". ఇంగ్లీషు నుంచి అనువదించేటప్పుడు అక్కడ లేని తక్కువతనం మనం చేరుస్తున్నాం. పెద్దవాళ్లెవరైనా "ఆమె చెప్పారు, ఆయన అన్నారు" అనే రాయాలి. "దిక్కులేని", "అభాగ్యులు", "గొంతులేనివాళ్లు" కొట్టెయ్యాలి. గొంతు లేకపోవడమేంటి, వాళ్లు మాట్లాడుతూనే ఉన్నారు కదా, మైకు మన దగ్గరుంది. పేరు మారిస్తే "పేరు మార్చాం" అని పక్కనే రాయాలి.

నీలిసిరా
ఆ క్రియాపదాల సంగతి ఇక చూడకుండా ఉండలేను.

తాళంకప్ప
ముఖం కనపడకుండా చేశాం అని ధీమాగా ఉంటారు, అక్కడ జరిగే తప్పులు చెప్తాను. ఫొటో ఫైలులో జీపీఎస్ గుర్తు ఉంటుంది. వాట్సాప్‌లో ఫొటోగా పంపితే అది పోతుంది, డాక్యుమెంటుగా పంపితే అలాగే ఉంటుంది. ఫీల్డు నుంచి నాణ్యత కోసం అందరూ డాక్యుమెంటుగానే పంపుతారు. కాబట్టి వెబ్‌లో పెట్టేముందు ఎగుమతి దగ్గరే సమాచారం తీసేసే అమరిక పెట్టాలి, మనిషి జ్ఞాపకం మీద వదలొద్దు. ముఖాన్ని పల్చగా మసకబారిస్తే గుర్తుపట్టేస్తారు. నిండు రంగు నింపాలి, లేదా తీసేటప్పుడే వెలుతురు వెనక ఉంచాలి. ముఖం దాచి చెవిపోగు, పచ్చబొట్టు, గుడారం నంబరు, స్కూలు యూనిఫాం వదిలేస్తే ఊరివాళ్లకి అది చాలు. గొంతు శ్రుతి మార్చడం కూడా చాలదు, వెనక్కి తిప్పొచ్చు. వేరేవాళ్లతో చదివించాలి.

లైంగిక హింసకు గురైన పిల్లలు, సాయుధ ముఠాల్లో ఉండి వచ్చిన పిల్లలు, ఇలాంటివాళ్ల పేరు మార్చాలి, ముఖం దాచాలి అని యూనిసెఫ్ మార్గదర్శకాలు చెప్తాయి. అనుమతి ఉంది కదా అని ఇక్కడ ముఖం చూపించడానికి లేదు.

కొత్తచిగురు
ఇంత తంటా ఎందుకు, ఏఐతో బొమ్మ చేయిస్తే ఎవరి ముఖమూ ఉండదు, ఎవరికీ అపాయం ఉండదు కదా?

తాళంకప్ప
2023లో మానవ హక్కుల సంస్థ ఆమ్నెస్టీ నార్వే విభాగం అదే చేసింది. కొలంబియాలో 2021 నిరసనల గురించి, నిరసనకారులకి అపాయం రాకూడదన్న మంచి ఉద్దేశంతోనే. విమర్శలొచ్చి తీసేసింది. బొమ్మ కల్పితమని తెలిశాక "ఇదంతా కల్పితమే" అనడం దోషులకి సులువైపోతుంది. పైగా ఏఐ నేర్చుకున్నది మనం ఇందాకటి నుంచి తిడుతున్న పాత ఫొటోల నుంచే. "ఆకలిగా ఉన్న బిడ్డ" అని అడగండి, పైనుంచి తీసిన ఒంటరి బిడ్డే వస్తుంది. చేతితో గీసిన బొమ్మ అయితే సరే, అది గీసిందని చూడగానే తెలుస్తుంది.

మూడోకన్ను
అచ్చుకి ముందు బొమ్మలో ఉన్నవాళ్లకే చూపించడం అన్నది ఎవరూ అనలేదు. పిల్లల్ని ఎత్తుకెళ్లి సైనికులుగా మార్చిన ఉగాండా ముఠా నాయకుడు కోనీ మీద తీసిన "కోనీ 2012" వీడియోని 2012 మార్చిలో వారం తిరక్కుండా పది కోట్లసార్లు చూశారు. అదే నెలలో ఉత్తర ఉగాండాలోని లిరాలో ఆ హింస అనుభవించిన జనానికే తెర కట్టి చూపిస్తే కోపంతో రాళ్లు వేశారు. ఆ ముఠా 2006కల్లా ఉగాండా దాటిపోయింది, వీడియోలో తమ బతుకు కంటే తీసినవాడి ఇల్లు ఎక్కువ కనిపించింది. పది కోట్లసార్లు చూడకముందే ముప్పైమందికి అక్కడ చూపించి ఉంటే ఆ తప్పు తేలిపోయేది.

కుడిఎడమ
ముప్పైమందికి చూపించడం అయ్యే పనే, ఒప్పుకున్నాను. మరి వాళ్లు "తీసెయ్యండి" అంటే?

దుబాసీ
తీసెయ్యాలి. అందుకే ఒక్కొక్కరివి మూడు నాలుగు ఫ్రేములు చూపించి ఎంచుకోమనాలి. కొన్నిసార్లు మనం అనుకోనిది ఎంచుకుంటారు. బాగా జబ్బుగా ఉన్నదే పెట్టండి, జనానికి తెలియాలి అనేవాళ్లూ ఉంటారు. అది వాళ్ల నిర్ణయం. గౌరవం అంటే నవ్వే ఫొటో అని మనం ముందే తేల్చెయ్యకూడదు.

లెక్కలపద్దు
లెక్క వైపు నుంచి నేను ఒకటి ఇస్తాను. రెండు ప్రకటనలు పోల్చే పరీక్ష మామూలుగా రెండు వారాలు నడుస్తుంది, మొదటి విరాళం వరకే కొలుస్తుంది. కన్నీళ్ల బొమ్మ గెలిచేది అక్కడే. 2015 సెప్టెంబరులో సముద్రతీరాన చనిపోయి పడి ఉన్న సిరియా పసివాడి ఫొటో వచ్చాక స్వీడన్ రెడ్‌క్రాస్ నిధికి రోజువారీ విరాళాల సంఖ్య అంతకుముందు వారం కంటే వంద రెట్లు దాటింది. రెండో వారం నుంచే తగ్గడం మొదలైంది, ఆరు వారాలకి ఆ ఊపు పోయింది. కాబట్టి పరీక్షలో ఇంకో మూడు నిలువు వరసలు చేర్చాలి: 12 నెలల్లో రెండో విరాళం ఇచ్చినవాళ్లెందరు, నెలనెలా ఇచ్చేది రద్దు చేసుకున్నవాళ్లెందరు, ఫిర్యాదులెన్ని. ఏ బొమ్మ చూసి వచ్చిన దాత అన్నది అతని ఖాతాకి మొదటిరోజే కోడుగా తగిలించకపోతే ఏడాది తర్వాత ఇది కొలవలేరు. ఎక్కువ చోట్ల ఆ కోడు ఉండదు. అందుకే "కన్నీళ్లే గెలుస్తాయి" అన్నది ఏడాది లెక్కతో సరిగ్గా పరీక్షకి రాలేదు.

నీలిసిరా
పద్దు గారి నుంచి ఇది వినడం బాగుంది. చివరిగా ఒకటి. అనుమతి వెనక్కి తీసుకుంటామని అయిదారు నెలల తర్వాత ఫోన్ వస్తే ఆ ఫొటో ఎక్కడెక్కడ ఉందో ఎలా తెలుస్తుంది?

తాళంకప్ప
ఫైలు పేరులోనే అనుమతి పత్రం నంబరు, గడువు నెల ఉండాలి. అదే నంబరుతో ఒక పట్టిక ఉండాలి. వాడిన ప్రతిచోటు ఒక వరస: ఏ పేజీ, ఏ కరపత్రం, ఎన్ని కాపీలు, ఏ భాగస్వామ్య సంస్థకి ఎప్పుడు పంపాం. భాగస్వాములకి ఫైలు పంపొద్దు, లింకు ఇవ్వండి. వాళ్లు దింపుకుని ఉండకపోతే, ఫైలు తీసేస్తే వాళ్ల దగ్గరా ఆగిపోతుంది.

దుబాసీ
ఆ పట్టికలో ఇంకో గడి కూడా పెట్టండి తాళంకప్ప గారూ: తీసేశామని ఆ మనిషికి తిరిగి ఫోన్ చేసి చెప్పిన తేదీ. ఎక్కువగా ఖాళీగా ఉండిపోయేది అదే.